లోపానికి నోటీసు

భావన్నారాయణకు ఆరేళ్ళుగా తీరని సందేహం ఒకటుంది. ఆంజనేయస్వామికి ఇస్తానన్న కొబ్బరికాయ కాజేసింది ఎవరు?

సందేహం చిన్నదే. కానీ నోరు తెరిచి అడగడానికి వీల్లేనిది. అనుమానించదగ్గ ముగ్గురూ అతనికి పై అధికారులు. లంకలపాడు పురపాలక సంఘంలో కారు డ్రైవరు పోయి పోయి ఇంజనీరు గారిని, "అయ్యా, మీరేమైనా కొబ్బరికాయ తీశారా?" అని ఎలా అడుగుతాడు?

ఆ కథ కారు కొన్ననాటిది. అప్పట్లో పెద్ద పట్టణాలన్నీ కరెంటు కార్లు కొంటున్నాయని లంకలపాడు కూడా ఒకటి కొంది. దాని నుదుట "హరితరథం" అని పచ్చరంగుతో రాయించారు. దండలు వేశారు, మేళం పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరూ సంబరంగా ఉంటే భావన్నారాయణ ఒక్కడికే భయం పట్టుకుంది. అంతకు ముందు అతను నడిపింది డీజిలు జీపు. అది వీధి మొదట్లో ఉండగానే వీధి చివరి గేదె లేచి పక్కకి తప్పుకునేది. ఈ కారుకేమో చప్పుడే లేదు. గేదెకెలా తెలుస్తుంది? మనిషికెలా తెలుస్తుంది?

అందుకని ఒక కొబ్బరికాయకు పసుపు రాసి, "స్వామీ, ఈ మూగబండి ఎవరికీ తగలకుండా ఊరు చుట్టి వస్తే, ఈ కాయ నీకు" అని మొక్కుకున్నాడు. కాయను వెనక సీటు మీద పెట్టాడు. అంతలో ఇంజనీరు కృపానందం గారు, మేనేజరు త్రిలోచనరావు గారు, శానిటరీ ఇన్‌స్పెక్టరు నూకరాజు గారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. కారు ఊరు చుట్టింది. ఎవరికీ తగల్లేదు. ముగ్గురూ ఆఫీసు దగ్గర దిగిపోయారు. భావన్నారాయణ గుడి ముందు కారు ఆపి వెనక్కి తిరిగి చూస్తే కాయ లేదు.

"ఇంకోటి కొని కొట్టెయ్యండి. స్వామి ఏమైనా కాయల మీద పేర్లు చూస్తాడా?" అంది భార్య సుబ్బరత్నం.

"అది కాదు రత్నం. పక్కింటావిడ బిందె తెచ్చి పోగొట్టి, కొత్త బిందె ఇస్తే ఊరుకుంటుందా? నా బిందె ఏదీ అనదూ?"

"నేనైతే కొత్తది పుచ్చుకుని నోరు మూసుకుంటాను."

"నువ్వు వేరు, స్వామి వేరు" అన్నాడు భావన్నారాయణ.

తర్వాత ఎన్నో మంగళవారాలు ఎన్నో కాయలు కొట్టాడు. అవన్నీ వేరే మొక్కులకు. ఆ కాయ బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది.

కారుకు వయసు మీద పడింది. సీట్లు కుంగాయి, రంగు వెలిసింది. "హరితరథం"లో "హ" ఊడిపోయి "రితరథం" మిగిలింది. దాని అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అంతకు ముందూ అడగలేదు. అదంతా వయసు చేసే పనే గదా అని భావన్నారాయణ సర్దుకున్నాడు. అతన్ని కంగారు పెట్టింది వేరే సంగతి. ఆంజనేయస్వామి గుడి దగ్గర ఎడమచేతి మలుపు తిరిగేసరికి కారు ఉన్నట్టుండి ఆగిపోతోంది. స్టీరింగు ముందున్న దీపాలన్నీ టక్కున ఆరిపోతాయి. దిగి కాస్త ఊపితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెలుగుతాయి. రోజూ ఆగదు. ఆగిన రోజున మాత్రం వెనక వచ్చే లారీలు కీచుమని బ్రేకులు వేస్తాయి.

మొదటిసారి ఆగినప్పుడు భావన్నారాయణ గుడివైపు తిరిగి దండం పెట్టాడు. మలుపులో అరటిపళ్ళ బండి పెట్టుకునే పోలమ్మ నవ్వింది.

"ఏం బావా, ఆపింది స్వామా, మునిసిపాలిటీయా?"

"స్వామి ఆపితే తిన్నగా వెళ్ళి అడుగుతాను. మునిసిపాలిటీ ఆపితేనే, ఎవర్నడగాలో తెలీదు."

తెలియకపోయినా అడిగాడు. ఇంజనీరు కృపానందం గారు కళ్ళజోడు సవరించుకుని నిబంధన చదివి వినిపించారు. "సంచార వాహనమందలి లోపము, అధీకృత అధికారి ఎదుట, పనివేళలయందు, స్వయముగా హాజరైననే లోపముగా పరిగణింపబడును."

ఈ నిబంధనకు కారణం లేకపోలేదు. పూర్వం లంకలపాడులో లేని లోపాలకు మరమ్మతులు జరిగేవి. ఆ అన్యాయాన్ని అరికట్టడానికి ఉన్న లోపాలకు కూడా మరమ్మతులు ఆపేశారు. బయటి మెకానిక్కు చెయ్యి వెయ్యకూడదు. వెనక సీటు కింద పెద్ద కరెంటు ఉంటుంది కాబట్టి సీటు ఎవరూ విప్పకూడదని లక్క ముద్ర కూడా వేశారు.

"పద, చూద్దాం" అని కృపానందం గారు మేనేజరునీ నూకరాజునీ వెంటబెట్టుకుని వెనక ఎక్కారు. కారు గుడి మలుపు వెన్నలా తిరిగింది. ఇంకోసారి తిప్పారు. ఇంకా బాగా తిరిగింది.

"లోపం హాజరు కాలేదు" అన్నారు కృపానందం గారు. "నీ పేర ఒక అసత్య ఫిర్యాదు."

ఆ మర్నాడే, ఒంటరిగా వెళుతుంటే, కారు అదే మలుపులో ఆగింది. ముందు అరటిపళ్ళ బండి, వెనక బడిపిల్లల ఆటో, దాని వెనక ఇసుక లారీ. భావన్నారాయణ ఫోను తీశాడు.

"ఆగింది సార్! ఇప్పుడే, ఇక్కడే!"

"ఆగే ఉందా?"

"ఆగే ఉంది సార్."

"అయితే తీసుకురా, చూస్తాను."

"ఆగిపోయింది సార్. ఎలా తేను?"

"ఆగిందని నువ్వంటున్నావు. నేను చూడాలి కదయ్యా."

"తమరే ఒకసారి రండి సార్."

"నేను రావాలంటే కారు కావాలి. కారు నీ దగ్గరుంది."

"పోనీ, తోయించి తీసుకొస్తాను."

"తోసి తెస్తే అది తోసిన బండి అవుతుంది గాని, ఆగిన బండి ఎలా అవుతుంది? నడిచే స్థితిలో తీసుకొచ్చి, నా ముందు ఆగి చూపించు."

లారీవాడు దిగి వచ్చి కోపంగా కారు వెనక ఒక గుద్దు గుద్దాడు. దీపాలు వెలిగాయి. "మీ ఇంజనీరు కన్నా నేనే నయం కదూ" అని లారీ ఎక్కాడు. భావన్నారాయణ పేర రెండో అసత్య ఫిర్యాదు రాసుకున్నారు.

మూడోది పడితే ఏమవుతుందో నిబంధనలోనే ఉంది. స్టీరింగు లాక్కుంటారు. ఊరి బయట చెత్త కంపోస్టు యార్డుకు వేస్తారు.

"చెత్తకేం భయం లేదు రత్నం" అన్నాడు ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని. "చెత్త చెత్తలాగే ఉంటుంది. కానీ ఉత్తర్వులో నన్ను అసత్యవాది అని రాస్తారట. పైన గోపురం బొమ్మ, కింద ముద్ర, మధ్యలో నేను అసత్యవాదిని."

సుబ్బరత్నం పప్పు వడ్డించడం ఆపి, "పుట్టి బుద్ధెరిగాక మీరు తప్పిన మాట ఏదైనా ఉందా?" అంది.

భావన్నారాయణకు కొబ్బరికాయ గుర్తొచ్చింది. తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లంకలపాడుకు కొత్త కమిషనరు మార్తాండరావు గారు వచ్చారు. ఆయన పట్నంలో ఏవో శిక్షణలు పొంది వచ్చిన మనిషి. సమస్య అనే మాట ఆయన నోట రాదు, అవకాశం అంటారు. సంగతంతా విని ఆయన బల్ల మీద సుతారంగా చెయ్యి వేశారు.

"మీరు లోపాన్ని శత్రువులా చూస్తున్నారు. భాగస్వామిగా చూడండి. దానికి ఒక వేదిక కల్పించండి. దానికి ఇంతవరకూ నోటీసు ఇచ్చారా?"

"లోపానికా సార్?" అన్నారు మేనేజరు త్రిలోచనరావు గారు.

"పన్ను కట్టనివాడికి నోటీసు ఇస్తాం, కాలవ మీద ఇల్లు కట్టినవాడికి ఇస్తాం. దీనికెందుకు ఇవ్వలేదు? నోటీసు ఇవ్వకుండా హాజరు కాలేదనడం న్యాయమేనా?"

వెంటనే "లోప సాక్షాత్కార సంఘం" ఏర్పాటైంది. ఇంజనీరు అధ్యక్షుడు, మేనేజరు కార్యదర్శి, నూకరాజు సభ్యుడు. సాక్షాత్కారమనేది ఋషులకే అనుకుంటూ వచ్చిన భావన్నారాయణ, ఆ పేరు విని చేతులు జోడించబోయి మళ్ళీ దించుకున్నాడు.

కారు అద్దానికి నోటీసు అంటించారు.

"ఇందుమూలముగా హరితరథమందలి లోపమునకు తెలియజేయునది ఏమనగా, నీవు వచ్చు మంగళవారము పగలు పదకొండు గంటలకు సంఘము ఎదుట తప్పక హాజరై, నీ స్వరూప స్వభావములను విన్నవించుకొనవలెను. గైర్హాజరైనచో నీవు లేవని భావించి తదుపరి చర్య గైకొనబడును."

మంగళవారం వచ్చింది. సంఘం వెనక సీట్లో ఆసీనమైంది. పట్నం నుంచి వచ్చిన ఒక కుర్ర నిపుణుడు ముందు కూర్చుని కారుకు కంప్యూటరు తగిలించాడు.

"పాత లోపాలు కనపడుతున్నాయి సార్. చాలా సార్లు కరెంటు తెగింది. ఇప్పుడు మాత్రం ఏమీ లేదు."

"పాతవి కాలదోషం పట్టినవి. ఇప్పుడున్నదే చెప్పు" అన్నారు కృపానందం గారు.

"ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది."

గుడి మలుపు ఎన్నిసార్లు తిరిగినా కారు తిరుగుతూనే ఉంది. పన్నెండు కొట్టగానే మేనేజరు గారు పెద్ద గొంతుతో, "లోపం, లోపం, లోపం" అని మూడుసార్లు పిలిచి, పలకనందున విచారణను ఏకపక్షంగా ముగించారు.

"సార్, నాదొక సందేహం" అన్నాడు భావన్నారాయణ మెల్లగా. "స్వామి కూడా పిలవగానే కనపడడు. అంతమాత్రాన లేడంటామా?"

మేనేజరు గారు ఫైలు మూశారు. "దేవుడు దేవాదాయశాఖ కిందికి వస్తాడయ్యా. లోపం మన కిందికి వస్తుంది. రెండూ కలపకు."

అయితే ఈ తిరుగుళ్ళలో కమిషనరు గారు ఒక గొప్ప విషయం కనిపెట్టారు. డ్రైవరు ఒంటరిగా వెళితేనే ఆగిందంటున్నాడు. అధికారులు కూర్చుంటే ఎప్పుడూ ఆగలేదు.

"దీన్నిబట్టి మీకేం అర్థమవుతోంది?" అన్నారు కళ్ళు మెరుస్తుండగా. "అధికారుల ఉనికే మరమ్మతు! విడిభాగాలు వద్దు, పనిముట్లు వద్దు. కేవలం కూర్చోవడం!"

మర్నాటి నుంచి ఉపవేశన విధి అమల్లోకి వచ్చింది. కారు కదిలితే చాలు, ముగ్గురు అధికారులు వెనక సీట్లో ఉండి తీరాలి. ఆఫీసు పని ఆగకూడదు గనుక ఫైళ్ళు, ముద్రలు, టిఫిను క్యారియర్లు కారులోకి చేరాయి. జనన ధ్రువపత్రం కావలసినవాళ్ళు కారు పక్కనే పరుగెత్తుతూ కిటికీలోంచి అర్జీ అందించేవారు. మలుపు దగ్గర కారు నెమ్మదిస్తుందని తెలిసి జనం పోలమ్మ బండి దగ్గర బారులు తీరారు. ఆమె అరటిపళ్ళు మధ్యాహ్నానికే అయిపోసాగాయి. ఒకసారి నూకరాజు గారికి జ్వరం వస్తే, ఆయన బరువుకు సమానంగా ఇద్దరు గుమాస్తాలను కూర్చోబెట్టారు.

"ఏం బావా, లోపలున్నది ఆఫీసా, సంతా?" అని అరిచేది పోలమ్మ.

"రెండూ ఒకటే, అరటిపళ్ళు తప్ప" అనేవాడు భావన్నారాయణ.

కారు ఆగడం మానేసింది. పేపర్లో ఫొటో పడింది. పాత కరెంటు కారును ఇంత బాగా చూసుకుంటున్న ఊరు లేదని మెచ్చుకుని, పత్రం ఇవ్వడానికి రాజధాని నుంచి పరిశీలకురాలు విశాలాక్షి గారు వస్తున్నారని కబురొచ్చింది. కమిషనరు గారు భావన్నారాయణను పిలిచారు.

"మంగళవారం విచారణతో మూడో ఫిర్యాదు కూడా అసత్యమని తేలిపోయింది. ఉత్తర్వు తయారుగా ఉంది. లోపం లేదని ఊరికి పత్రం వచ్చిన రోజునే, ఉందన్న నీకు ఉత్తర్వు ఇస్తాను. పద్ధతిగా ఉంటుంది. ఆ రోజు ఊరేగింపుకి మాత్రం నువ్వే నడపాలి."

"ఉందండి" అన్నాడు భావన్నారాయణ. "నేను చూశాను. నాకు కనపడింది, మీకు కనపడలేదు. అంతే తేడా."

"ఆ తేడానే అసత్యమంటారు" అన్నారు కమిషనరు గారు దయగా.

ఊరేగింపు రోజున భావన్నారాయణ తలస్నానం చేసి, కారుకు బొట్టు పెట్టి, స్టీరింగును ఒకసారి చేత్తో నిమిరాడు. విశాలాక్షి గారు వచ్చారు. పెద్దావిడ, మోకాళ్ళ నొప్పి. వెనక ఇరుకులో కాళ్ళు ముడుచుకోలేనని ముందు సీట్లో కూర్చున్నారు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ముఖ్య అతిథి వీపు వెనక కిందిస్థాయి ఉద్యోగులు కూర్చోరాదని మర్యాదల పుస్తకంలో ఉంది. కూర్చోకపోతే ఉపవేశన విధికి భంగం. మేనేజరు గారు రెండింటినీ తూచి, మర్యాదే బరువని తేల్చారు. సంఘం దిగి, మేళగాళ్ళతో పాటు కారుకు ముందు నడిచింది.

వెనక సీటు ఖాళీ. గుడి మలుపు వచ్చింది. కారు ఎడమకు తిరిగింది. వెనకనించి ఏదో దొర్లిన చప్పుడు. దీపాలు టక్కున ఆరిపోయాయి.

నడిచినా చప్పుడుండదు, ఆగినా చప్పుడుండదు. అందుకని ముందున్నవాళ్ళకు తెలియలేదు. మేళం వాయించుకుంటూ, కమిషనరు గారు ఇటూ అటూ దండాలు పెట్టుకుంటూ బజారు చివరికి వెళ్ళిపోయారు.

"ఏవయ్యా, ఆపావేం?" అన్నారు విశాలాక్షి గారు.

"నేను ఆపలేదమ్మా."

"మరెవరాపారు?"

"అదే నేనూ అడుగుతున్నానండి. అడిగినందుకే ఇవాళ నా ఉద్యోగం మారుస్తున్నారు."

పోలమ్మ ఈలోగా నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ముందుకు కేకేసింది. "అయ్యా! మీరెక్కడికి? పెళ్ళికూతురు ఇక్కడే ఉండిపోయింది!"

సంఘం పరుగెత్తుకొచ్చింది. కమిషనరు గారు "కూర్చోండి! కూర్చోండి!" అని అరిచి, తానూ ఒక తలుపులోంచి దూరారు. నలుగురూ ఒక్కసారిగా వెనక సీటు మీద పడ్డారు. ఫెళ్ళుమంది. సీటు కింది చెక్క రెండుగా విరిగింది. నూకరాజు గారు "చచ్చాన్రో!" అని ఎగిరి బయటపడ్డారు.

"లోపల ఏదో ఉంది! గుండ్రంగా ఉంది! పిలక ఉంది!"

"సీటు ఎత్తి చూడండి" అన్నారు విశాలాక్షి గారు.

"అమ్మా, లక్క ముద్ర ఉంది. సీటు తొలగించరాదని నిబంధన" అన్నారు కృపానందం గారు.

"తొలగించడమెక్కడిది? మీరు విరగ్గొట్టారుగా. విరిగినదాన్ని పక్కన పెట్టండి."

కృపానందం గారు చెక్క ముక్క పక్కన పెట్టారు. అందరూ వంగి చూశారు. లోపల దుమ్ము కొట్టుకుపోయిన ఒక కొబ్బరికాయ ఉంది. దాని పిలక చెదరలేదు. ఎండిన పసుపు అక్కడక్కడ ఇంకా అంటుకునే ఉంది.

భావన్నారాయణ గుర్తుపట్టాడు, అది తన మొక్కు కాయే. సీటుకూ వీపుచెక్కకూ మధ్య సందులోంచి ఆనాడే జారిపోయింది. కొన్నాళ్ళు ఎక్కడో ఇరుక్కుంది. ఎండి తేలికయ్యాక దొర్లడం మొదలుపెట్టింది. కృపానందం గారు పుల్లతో కాయను కుడికి తోశారు. అది వెళ్ళి వదులైన ఒక వైరు అతుకును కొట్టింది. దీపాలు ఆరిపోయాయి. ఇవతలికి లాగారు. వెలిగాయి. ఆయన చిన్నపిల్లాడిలా మళ్ళీ తోశారు, మళ్ళీ లాగారు.

"అంటే మీరు కూర్చున్నప్పుడల్లా సీటు కుంగి కాయ కదల్లేదన్నమాట" అన్నారు విశాలాక్షి గారు. "ఇన్నాళ్ళూ మీరు చేసింది మరమ్మతు కాదు. లోపం మీద కూర్చోవడం."

కమిషనరు గారికి అదేమీ వినపడలేదు. ఆయన ఆనందంలో ఉన్నారు. "లోపం హాజరైంది! టైమెంత?"

"పనివేళలే సార్!" అన్నారు మేనేజరు గారు గడియారం చూసి.

"అధీకృత అధికారి?"

"ఎదుటనే ఉన్నాను సార్!" అన్నారు కృపానందం గారు, పుల్ల చేత్తో పట్టుకునే.

నిబంధన అంతా కుదిరింది కాబట్టి లోపం ఉన్నట్టే. ఉన్నదాన్ని ఉందన్నవాడు అసత్యవాది కాడు. కమిషనరు గారు జేబులోంచి ఉత్తర్వు తీసి చింపారు. ఆ తర్వాత కాయను సాక్ష్యంగా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు.

"అయ్యా, అది స్వామిదండి" అన్నాడు భావన్నారాయణ. "పేరు చెప్పి, పసుపు రాసి పెట్టింది."

విశాలాక్షి గారి కనుబొమలు పైకి లేచాయి. "అంటే దేవుడి సొత్తు పురపాలక సంఘం ఇన్నేళ్ళు స్వాధీనంలో ఉంచుకుందా? దేవాదాయశాఖకు తెలిస్తే?"

మేనేజరు గారు ఒక అడుగు వెనక్కి వేశారు. కమిషనరు గారు కాయను భావన్నారాయణ చేతిలో పెట్టేశారు. "ఇవాళే అప్పగించు! రసీదు పుచ్చుకుని మరీ అప్పగించు. పుచ్చుకున్నవారి సంతకమో వేలిముద్రో లేకుండా తిరిగి రాకు."

భావన్నారాయణ ఇంజనీరునీ మేనేజరునీ నూకరాజునీ వరసగా చూసి, ముగ్గురికీ ఒక దండం పెట్టాడు.

"ఎందుకయ్యా?" అన్నారు నూకరాజు గారు నడుము రుద్దుకుంటూ.

"ఊరికే సార్. ఆరేళ్ళ దండం."

వైరు అతుకు బిగించారు. ఉపవేశన విధిని ఎత్తేస్తూ ఉత్తర్వు ఇవ్వడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. అందుకని ఇప్పటికీ ముగ్గురు అధికారులు వెనక సీట్లో కూర్చునే తిరుగుతున్నారు. ఆ సాయంత్రం ఒక్కటే, దైవకార్యమని, కారును భావన్నారాయణకు ఒంటరిగా వదిలారు.

సుబ్బరత్నం ఒళ్ళో కాయ పెట్టుకుని పక్కన కూర్చుంది. గుడి మలుపు వచ్చింది. అలవాటుగా భావన్నారాయణ ఊపిరి బిగబట్టాడు. కారు ఆగలేదు. మెత్తగా మలుపు తిరిగింది. అతనికి ఏదో వెలితిగా అనిపించింది. బ్రేకు తొక్కి తనే ఆపాడు.

"రత్నం, ఇన్నాళ్ళూ ఇక్కడే ఎందుకు ఆగిందంటావు?"

"ఇంత ఒంపు తిరిగిన ఎడమచేతి మలుపు ఇదొక్కటే కాబట్టి."

"అంతేనంటావా?"

"దిగండి ముందు. గుడి తలుపులు మూసేస్తారు."

పూజారి రంగాచార్యులు గారు కాయను చెవి దగ్గర ఆడించి చూసి, "కురిడీ అయిందయ్యా! ఇంత మంచి కాయ ఈ మధ్య చూడలేదు" అన్నారు. భావన్నారాయణ పేరూ గోత్రమూ చెప్పి రాతి మీద కొట్టాడు. ఒక్క దెబ్బకు పగిలింది. లోపల కొబ్బరి ఎండి, బంతిలా చిప్పను వదిలి ఉంది. ఒక ముక్క నోట్లో వేసుకుని సుబ్బరత్నం, "ఇంత తియ్యగా ఉందేమిటండీ?" అంది.

భావన్నారాయణ మొహమాటపడుతూ జేబులోంచి ఆఫీసు కాగితం తీశాడు. "ఆచార్యులు గారూ, రసీదు కావాలన్నారు. మీరొక సంతకం పెడితే..."

"పుచ్చుకున్నది నేనా?" అన్నారు ఆచార్యులు గారు. లోపలికి వెళ్ళి స్వామి పాదాల సిందూరం బొటనవేలికి అద్దుకుని వచ్చి, "కాయ ముట్టినది" అన్న మాట కింద గట్టిగా నొక్కారు.

భావన్నారాయణ ఆ ఎర్రటి ముద్ర ఆరేదాకా ఊది, కాగితాన్ని కళ్ళకు అద్దుకున్నాడు.